మా బడి మలుపులో 30: వేగ పరిమితి సేవపై ఒక రిటైర్డ్ బస్సు డ్రైవరు సమీక్ష

మా ఊరి బడి మలుపులో 30 అంకెతో, ఎర్ర అంచుతో గుండ్రని బోర్డు నిలబడేసరికి అర్జీ పెట్టి పదమూడు నెలలైంది. వేగ పరిమితి అనే సేవ ప్రభుత్వం నుంచి ఊరికి ఎలా అందుతుందో ఈ పదమూడు నెలల్లో మొదటి నుంచి చివరి దాకా దగ్గరుండి చూశాను. అయిదు మార్కులకు మూడున్నర ఇస్తాను. రోడ్డును కొలిచిన తీరుకు అయిదూ ఇవ్వాలని ఉంది. కాగితం నడిచిన తీరుకు ఒకటి కన్నా ఎక్కువ ఇవ్వడానికి మనసు ఒప్పడం లేదు.

నేను ఆర్టీసీలో 31 ఏళ్లు బస్సు నడిపాను. ఎక్కువ కాలం పల్లె వెలుగు. పాలకొండ, రాజాం, చీపురుపల్లి, విజయనగరం మధ్య ఏ ఊళ్లో ఏ గేదె ఏ వేళకు రోడ్డు దాటుతుందో కూడా ఒకప్పుడు నాకు తెలుసు. రిటైరయ్యాక శ్రీకాకుళం జిల్లాలో, పొందూరుకు దగ్గరలో ఉన్న మా సొంత ఊరికి వచ్చేశాను. ఊరి పేరు రాయను. కాగితం ఏ కార్యాలయంలో ఆగిందో, సర్వేకు ఏ శాఖ నుంచి వచ్చారో అవీ రాయను. మరో ఊరివాళ్లు ఇదే పని మీద తిరగాల్సి వస్తే వాళ్లకు ఉపయోగపడాలన్నదే నా ఉద్దేశం.

ముందు స్థలం గురించి చెప్పాలి. రెండు వరుసల తారు రోడ్డు. రాజాం వైపు నుంచి వచ్చేవారికి ఊరు మొదట్లో చింతచెట్టు, చెట్టు దగ్గర ఎడమకు మలుపు, మలుపు తిరగగానే బడి గేటు. గేటుకు ఎదురుగా బస్సు ఆగే చోటు. నవంబరు చివరి నుంచి సంక్రాంతి దాకా రోడ్డుకు ఒక పక్క ధాన్యం ఆరబోస్తారు. కళ్లాలు తగ్గిపోయాయి, తారు మీద త్వరగా ఆరుతుంది, రైతును తప్పు పట్టలేం. కానీ ఆ రోజుల్లో రెండు వరుసల రోడ్డు ఒకటిన్నర వరుస అవుతుంది. దాని మీదే చెరకు ట్రాక్టర్లు, ఇసుక ట్రాక్టర్లు, కాలేజీ బస్సులు, కొత్త బండి కొన్న కుర్రాళ్లు.

అర్జీకి ముందు అక్టోబరులో నాలుగో తరగతి పిల్లవాణ్ని మోటారు సైకిలు గుద్దింది. కాలు విరిగింది. 108లో శ్రీకాకుళం తీసుకెళ్లాం, నేను కూడా ఎక్కాను. దారి పొడవునా వాడు అడిగింది ఒక్కటే: "తాతా, నా బ్యాగు ఎవరైనా తీశారా?" ఇప్పుడు బాగానే నడుస్తున్నాడు. నడిపినవాడు కూడా ఇరవై ఏళ్లు నిండని పిల్లవాడే. "మలుపు తిరిగేదాకా బడి కనిపించలేదు మావయ్యా" అన్నాడు. అబద్ధం చెప్పలేదు. ఆ మాటే తరువాత మాకు పనికొచ్చింది.

ఊళ్లో అందరికీ మొదట తట్టింది స్పీడు బ్రేకరు. నాలుగేళ్ల కిందట ఒకసారి అదీ చేశాం. మిగిలిపోయిన కాంక్రీటుతో రాత్రికి రాత్రి రోడ్డుకు అడ్డంగా ఒక దిమ్మ పోశారు. అడుగున్నర వెడల్పు, అరచెయ్యి కన్నా ఎత్తు, రంగు లేదు. రెండు వారాల్లో ముగ్గురు పడ్డారు. వారిలో ఒకరు తలమీద పాల క్యాను పెట్టుకుని భర్త వెనుక కూర్చున్న ఆడమనిషి. చివరికి మేమే గునపాలతో పగలగొట్టాం. మన దేశంలో రోడ్లకు ప్రమాణాలు రాసే సంస్థ ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెప్పే స్పీడు బ్రేకరు 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు, 17 మీటర్ల వ్యాసార్థంతో మెల్లగా లేచి మెల్లగా దిగే వంపు. గంటకు 25 కిలోమీటర్ల వేగంలో దాని మీదుగా బండి సాఫీగా దాటిపోవాలి. బస్సు స్టీరింగు ముందు కూర్చున్న నాకు ఆ తేడా వెన్నుపూసకు తెలుసు. అంకెల్లో మాత్రం సర్వేకు వచ్చిన అబ్బాయి చెప్పేదాకా తెలియదు.

అసలు మా రోడ్డు మీద అప్పటికి ఎంత వేగం వరకు అనుమతి ఉందో ఊళ్లో ఒక్కరికీ తెలియదు. పంచాయతీ కార్యాలయంలో "ముప్పయ్యో నలభయ్యో ఉంటుంది" అన్నారు. కాదు. 2018 ఏప్రిల్‌లో కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం ఇటువంటి మామూలు రోడ్ల మీద కారుకు గంటకు 70 కిలోమీటర్ల వరకు, బస్సుకూ లారీకీ మోటారు సైకిలుకూ 60 వరకు, ఆటోకు 50 వరకు వెళ్లవచ్చు. మున్సిపాలిటీ రోడ్ల మీద కూడా ఇవే అంకెలు. బోర్డు లేని ఊరి గుండా 60తో పోయిన మోటారు సైకిలుకు వేగం పరిమితి కింద జరిమానా వేయడానికి లేదన్నమాట. పిల్లవాణ్ని గుద్దిన కుర్రాడి వేగం అంతకు మించి లేదు. ఆ సంగతి తెలిసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అంతకన్నా తగ్గించాలంటే దారి ఉంది. మోటారు వాహనాల చట్టం 1988లో సెక్షన్ 112 ప్రకారం రాష్ట్ర ప్రభుత్వం, లేదా అది అధికారమిచ్చిన వారు, ప్రజల భద్రత కోసమో రోడ్డు స్వభావాన్ని బట్టో ఫలానా చోట వేగం తగ్గించవచ్చు. దానికి రెండు పనులు జరగాలి: గెజిట్‌లో, అంటే ప్రభుత్వ ప్రకటనల పత్రికలో నోటిఫికేషన్, రోడ్డు మీద బోర్డు. ఈ రెండూ లేకుండా ఊరివాళ్లు గోడమీద 20 అని రాసుకున్నా చట్టం దాన్ని లెక్కలోకి తీసుకోదు. అదే సెక్షన్‌లో ఇంకో మాట ఉంది, ఇది మాత్రం అందరూ గుర్తుపెట్టుకోవాలి. నెల రోజులకు మించని పరిమితికి గెజిట్ నోటిఫికేషన్ అక్కర్లేదు. రథసప్తమికి అరసవల్లి దారిలోనో, సిరిమానోత్సవానికి విజయనగరంలోనో, నూర్పుల రోజుల్లో మా ఊళ్లోనో వాడుకోదగ్గ వెసులుబాటు అది. మాకు ఎవరూ చెప్పలేదు. చట్టం తెలుగు అనువాదం నేనే కళ్లజోడు పెట్టుకుని చదివితే దొరికింది.

అర్జీ నవంబరులో ఒక సోమవారం కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇచ్చాను. ఆ భాగం బాగుంది. కూర్చోబెట్టి విన్నారు, నంబరుతో రసీదు ఇచ్చారు, 1100కి ఫోను చేసి అర్జీ ఎక్కడుందో కనుక్కోవచ్చని చెప్పారు. అక్కడి నుంచి కిందికి వెళ్లాకే కష్టం మొదలైంది. ఒక కార్యాలయానికి వెళ్లిన కాగితం నాలుగు నెలలు అక్కడే ఉంది. అడిగిన ప్రతిసారీ "పరిశీలనలో ఉంది" అన్నారు. చివరికి మార్చిలో తెలిసింది, ఆ రోడ్డు వాళ్ల పరిధిలోదే కాదట. జాతీయ రహదారి ఒకరిది, రాష్ట్ర, జిల్లా రోడ్లు రోడ్లు-భవనాల శాఖవి, ఊళ్ల మధ్య రోడ్లు చాలావరకు పంచాయతీరాజ్‌వి, పట్టణంలో వీధులు మున్సిపాలిటీవి. నడిచే మనిషికి ఇదంతా ఒకే తారు. ఏ తారు ఎవరిదో చెప్పాల్సిన వాళ్లు మొదటి వారంలోనే చెప్పి ఉంటే ఆ ఏడాది నూర్పుల కాలానికి తాత్కాలిక బోర్డయినా పడేది. నాలుగు నెలలంటే బడి గేటు దగ్గర ఉదయం, సాయంత్రం కలిపి రెండు వందల సార్లు ఊపిరి బిగపట్టుకోవడం. ఇందుకే ఈ భాగానికి ఒక్క మార్కు.

ఏప్రిల్‌లో, బడి సెలవులకు ముందే సర్వేకు ఇద్దరు వచ్చారు. పాతికేళ్ల ఇంజనీరబ్బాయి, సహాయకుడు. వారి పని చూసి నాకు నిజంగా గౌరవం కలిగింది.

చేతిలో వేగం కొలిచే స్పీడ్ గన్ ఉంది కానీ రోడ్డు మీద నిలబడలేదు. చింతచెట్టుకు అవతల, మా పెదనాన్నగారి పాత గడ్డివాము వెనుక కుర్చీ వేసుకున్నారు. "మమ్మల్ని చూస్తే బ్రేకు నొక్కుతారు డ్రైవరుగారూ, అప్పుడు మాకు దొరికేది వాళ్ల వేగం కాదు, భయం" అన్నాడు ఆ అబ్బాయి. ముందు బండి అడ్డం లేకుండా స్వేచ్ఛగా వచ్చే బండ్లనే రాసుకున్నారు. గుంపులో ఇరుక్కుని వచ్చేవాటిని వదిలేశారు. ఎండ, పొడి రోడ్డు, మామూలు పనిదినం. రెండు దిక్కులా విడివిడిగా లెక్క. మధ్యాహ్నం మా ఇంటావిడ చద్దన్నం, ఆవకాయ పెడితే తిని మళ్లీ కూర్చున్నారు.

సాయంత్రం లెక్క తేల్చే పద్ధతి నాకు వివరించాడు. వంద బండ్లను నెమ్మది నుంచి వేగం వరకు వరుసగా నిలబెడితే ఎనభై అయిదో బండి వేగం ఎంతో చూస్తారు. నూటికి ఎనభై అయిదు మంది ఆ వేగానికి లోబడే నడుపుతున్నారని అర్థం. చాలా దేశాల్లో పరిమితిని ఈ అంకెకు దగ్గరగా పెట్టడం దశాబ్దాలుగా అలవాటు. ఎక్కువమంది డ్రైవర్లు రోడ్డును చూసి తమంతట తామే ఎంచుకునే వేగం సరిగ్గానే ఉంటుందని, అంతకన్నా బాగా తక్కువ అంకె రాస్తే ఎవరూ లెక్కచేయరని దాని వెనుక ఆలోచన. మా మలుపులో ఆ ఎనభై అయిదో బండి వేగం 58.

డ్రైవరుగా ఆ ఆలోచనలో సగం నిజమని ఒప్పుకుంటాను. బండి నడిపేవాడు బోర్డు మాట కన్నా రోడ్డు మాట ఎక్కువ వింటాడు. రోడ్డు వెడల్పుగా, నున్నగా, తిన్నగా ఉంటే కాలు దానంతట అదే కిందికి పోతుంది. కానీ ఆ అబ్బాయిని ఒకటి అడిగాను. "బాబూ, ఈ వంద బండ్లలో బడి పిల్లలు ఎంతమంది ఉన్నారు?" వాడు పెన్ను పక్కన పెట్టి నవ్వకుండా చెప్పాడు: "ఒక్కరూ లేరండీ. నడిచేవాళ్ల లెక్క ఈ కాగితంలో రాదు. అది విడిగా రాస్తాను." రాశాడు కూడా. ఉదయం ఎనిమిదిన్నర నుంచి తొమ్మిదింపావు వరకు రోడ్డు దాటిన పిల్లలు 112 మంది. ఆ రెండో కాగితం లేకపోతే మా కథ వేరేగా ఉండేది.

మా చిన్నమ్మాయి వేల్స్‌లో, కార్డిఫ్‌లో ఉంటుంది. ఆ వారం ఫోనులో ఇదంతా చెబితే అక్కడి సంగతి చెప్పింది. వేల్స్‌లో 2023 సెప్టెంబరు 17 నుంచి వీధి దీపాలున్న నివాస ప్రాంతాల రోడ్ల మీద మామూలు పరిమితిని గంటకు 30 మైళ్ల నుంచి 20కి, అంటే మన లెక్కలో 48 నుంచి 32కి తగ్గించారు. ఫలానా రోడ్డుకు మళ్లీ 30 మైళ్లు కావాలంటే స్థానిక కౌన్సిలు కారణాలు చూపి, ప్రకటన వేసి, అభ్యంతరాలకు గడువిచ్చి మార్చాలి. ఆ నిర్ణయానికి వ్యతిరేకంగా నాలుగున్నర లక్షలకు పైగా జనం పిటిషను మీద సంతకాలు చేశారట. నాకు నచ్చింది ఏమిటంటే, అక్కడ రుజువు చూపాల్సిన బాధ్యత వేగం పెంచమనేవాడిది. ఇక్కడ తగ్గించమనేవాడిది. బిడ్డ కాలు విరిగిన ఊరే కాగితాలు పట్టుకుని తిరగాలి.

జూన్‌లో బడి తెరిచినప్పుడు, సెక్షన్ 112లోని నెల రోజుల మాట గుర్తుచేస్తే తాత్కాలిక బోర్డు పెట్టారు. అడగగానే పెట్టారు, ఆ మేలు మరచిపోను.

జూలైలో ప్రతిపాదన వచ్చింది: ఊరంతా 40. కలెక్టరు అధ్యక్షతన ఉండే జిల్లా రహదారి భద్రతా కమిటీ ముందుకు వెళ్లే కాగితం అది. ఊళ్లో చాలామంది సంతోషించారు. నాకు మాత్రం మలుపు దగ్గర కుర్రాడు అన్న మాట మెదులుతూనే ఉంది. ఇంజనీరింగు పుస్తకాల్లో ఆగే దూరం అని ఒకటి ఉంటుంది. డ్రైవరు కళ్లకు అడ్డం కనిపించినప్పటి నుంచి బండి పూర్తిగా ఆగేవరకు పట్టే దూరం. అందులో బ్రేకు మీదికి కాలు వెళ్లే రెండున్నర సెకన్లు కూడా కలిపి లెక్కేస్తారు. మన దేశపు ప్రమాణాల్లో అది 30 వేగానికి 30 మీటర్లు, 40కి 45 మీటర్లు, 60కి 80 మీటర్లు. తాపీ మేస్త్రి దగ్గర టేపు అడిగి తెచ్చాను. మా మనవరాలు గేటు దగ్గర రోడ్డు అంచున నిలబడింది. నేను మోటారు సైకిలు మీద కూర్చునే ఎత్తులో కళ్లు పెట్టి, మలుపు అవతలి నుంచి మెల్లగా ముందుకు వచ్చాను. దాని రిబ్బను కనిపించిన చోట సుద్దతో గీత గీశాను. గీత నుంచి గేటుకు 39 మీటర్లు. నాలుగుసార్లు కొలిచాం, ఒక మీటరు అటూ ఇటూ.

40తో వచ్చేవాడికి 45 మీటర్లు కావాలి, మా మలుపు ఇచ్చేది 39. తేడా ఆరు మీటర్లు. ఆ ఆరు మీటర్లలో బడి గేటు ఉంది.

సుద్దగీత ఫొటోలు, హెడ్మాస్టరుగారి ఉత్తరం, పంచాయతీ తీర్మానం పట్టుకుని మళ్లీ వెళ్లాను. ఆ ఇంజనీరబ్బాయి వాదించలేదు. తానే వచ్చి కొలుచుకున్నాడు. అతనికి 40 మీటర్లు వచ్చింది. ఊరికి 40, బడికి రెండు వైపులా కొంత దూరం 30 అని ప్రతిపాదన మార్చి పంపాడు. అదే ఆమోదం పొందింది. బతిమాలినందుకో, ఎవరో పెద్దమనిషి ఫోను చేసినందుకో కాకుండా టేపు చూపించిన అంకెకు విలువ దొరకడం నా జీవితంలో ఇంతకు ముందు ప్రభుత్వ పనిలో నేను చూడలేదు.

బోర్డులు డిసెంబరులో వచ్చాయి. నాణ్యత బాగుంది. రాత్రి హెడ్‌లైటు పడగానే తెల్లని పలక వెలిగినట్టయి నల్లని అంకె స్పష్టంగా కనిపిస్తుంది. రాజాం వైపు బోర్డును మాత్రం చింతకొమ్మ వెనుక, అదీ మలుపుకు మరీ దగ్గరగా పాతారు. పరిమితి అమలులోకి వచ్చే చోటుకు చేరేసరికే డ్రైవరు వేగం తగ్గి ఉండాలి, చదవడానికీ తగ్గించడానికీ అతనికి సమయం ఇవ్వాలి. చెబితే పది రోజుల్లో వెనక్కి జరిపారు, ముందుగా త్రికోణపు బడి హెచ్చరిక గుర్తు కూడా పెట్టారు. పరిమితి ముగిసిందని చెప్పే గుర్తు ఇప్పటికీ లేదు. అది ఉండాలి. ఎక్కడి వరకు ఓపిక పట్టాలో చెబితే డ్రైవరు ఓపిక పడతాడు, నా అనుభవం అది.

ఇక ఫలితం. నా దగ్గర స్పీడ్ గన్ లేదు. రోడ్డు అంచున 50 మీటర్ల దూరంలో రెండు సున్నపు గీతలు, ఫోనులో స్టాప్‌వాచీ. 50 మీటర్లు మూడు సెకన్లలో దాటితే 60 వేగం, నాలుగున్నర సెకన్లలో దాటితే 40, ఆరు సెకన్లు పడితే 30. ఎవరైనా చేయగల లెక్క. బోర్డు పడిన మొదటి వారం ఆరు సెకన్లకు పైగా తీసుకున్న బండ్లు పదిలో మూడే. బోర్డు ఒక్కటే పెట్టి వెళ్లిపోతే ఇంతే. జనవరిలో మలుపుకు ముందు రోడ్డుకు అడ్డంగా మందపాటి తెల్ల గీతలు వేశారు, టైర్లు వాటి మీద గరగరమంటాయి. అప్పుడు పదిలో ఆరు అయ్యాయి. మొదట వాటిని ఒక ముసలావిడ ఇంటి గోడ పక్కనే వేస్తే ఆ చప్పుడుకు ఆమెకు నిద్ర లేకుండా పోయింది, తరువాత ఇళ్లు లేని చోటికి మార్చారు. పోలీసులు స్పీడ్ గన్‌తో రెండు ఉదయాలు నిలబడ్డారు. కారుకు వెయ్యి నుంచి రెండు వేలు, లారీకీ బస్సుకూ రెండు వేల నుంచి నాలుగు వేల దాకా చట్టంలో జరిమానా ఉంది. ఎవరో కంటితో చూసి "వేగంగా వెళ్లాడు" అంటే శిక్ష పడదు, యంత్రం కొలత ఉండాలి. ఆ రెండు ఉదయాల తరువాత కాలేజీ బస్సులు మారాయి. మోటారు సైకిళ్లు ఇంకా మారాలి.

వేగం కాస్త పెరిగినా ప్రమాదం చాలా పెరుగుతుంది. సగటు వేగం ఒక శాతం పెరిగితే ప్రాణం తీసే ప్రమాదాల ముప్పు నాలుగు శాతం పెరుగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. నడిచే మనుషులూ బండ్లూ కలిసి తిరిగే చోట 30కి మించకూడదని 2020లో స్టాక్‌హోమ్‌లో దేశాల మంత్రుల సమావేశం ప్రకటించింది. మా ఊరు అడిగింది అదే అంకె.

మీ ఊరికి కావాలంటే ముందు రోడ్డు ఏ శాఖదో తేల్చుకోండి. అర్జీలోనే ఆ శాఖ పేరు రాయండి, మాకు పోయిన నాలుగు నెలలు మీకు పోవు. బడి నుంచి ఉత్తరం, పంచాయతీ తీర్మానం, పిల్లలు దాటే వేళల్లో తీసిన ఫొటోలు జత చేయండి. కనుచూపు దూరాన్ని మీరే కొలవండి. గెజిట్ వచ్చేలోపు నెల రోజుల తాత్కాలిక పరిమితి అడగండి. రసీదు నంబరు పోగొట్టుకోకండి. సర్వేకు వచ్చినవాళ్లకు నీళ్లూ నీడా ఇవ్వండి, నడిచేవాళ్ల లెక్క కూడా రాయమని అడగండి.

మాకు ఇంకా మిగిలిన పని బస్సు ఆగే చోటు. గేటుకు ఎదురుగా కాకుండా మలుపు దాటాక వంద అడుగులు ముందుకు జరగాలి. బస్సు ఆగి ఉంటే దాని ముందు నుంచి దాటే పిల్లవాడు ఎవరికీ కనిపించడు, స్టీరింగు దగ్గర కూర్చున్న రోజుల్లో నాకు ఇది ఎన్నిసార్లు గుండె ఆగినంత పని చేసిందో. ఆ అర్జీ పోయిన సోమవారం ఇచ్చాను. వానలు పడితే చింతకొమ్మ మళ్లీ బోర్డు మీదికి వాలుతుంది. వెదురుకర్రకు కొడవలి కట్టి వసారాలో పెట్టాను.